గొట్టం తిరగదు

టెక్కలి దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు మాది.
లోపల ఆరు క్యాబిన్లు, ఆరు గొట్టాలు,
నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించి ఉంటాయి.
కొత్తగా వచ్చినవాడికి మొదట చెప్పేది ఒకటే:
గొట్టం తిరగదు రా, నువ్వే తిరగాలి.
మోకాలి మీద దిగి, మెడ వంచి,
కింద నుంచి పైకి, చెయ్యి వణక్కుండా.

వీసా సంగతి టీ దగ్గర అడుగుతారు.
నాకు తెలిసింది చెప్తాను,
పదకొండేళ్లు మూడు దేశాల్లో
ఒకడి సంతకం కోసం ఇంకొకడి గుమ్మం ముందు నిలబడి నేర్చుకున్నది.

ముందు అక్కడ, మనం చూడని ఊళ్లో,
ఒక కంపెనీ ప్రకటన వెయ్యాలి:
వెల్డర్లు కావలెను, ఈ దేశపువాళ్లకే.
ఇన్ని వారాలని ఆగాలి.
ఎవ్వరూ రాలేదని సర్కారుకి రాసివ్వాలి.
ఆ ‘లేరు’ మీద ముద్ర పడితే
అప్పుడు పుడుతుంది మన డిమాండ్ లెటర్.
నిజానికి నిన్ను రమ్మని ఎవరూ పిలవలేదు.
అక్కడ ఒకడు లేడని తేలింది,
అంతే.

“ఎన్నాళ్లకి మేస్త్రీ?”
రెండేళ్లకి. వీసా మీద నీ పేరుంటుంది,
పక్కనే కంపెనీ పేరు.
ఆ కంపెనీ వద్దనుకున్న రోజు
నీ పేరు కూడా ఆ దేశంలో చెల్లదు.
ఒకడు నవ్వుతాడు. ఒకడు గ్లాసు కింద పెట్టేస్తాడు.

బమ్మిడి నీలాచలం ఏదీ అడగలేదు.
కవిటి నుంచి మొదటి బస్సుకి వచ్చేవాడు.
ఐటీఐ సర్టిఫికెట్లో పేరుకి ఒక అక్షరం ఎక్కువైతే
నోటరీ దగ్గరికి మూడుసార్లు తిరిగాడు.
పోలీసు క్లియరెన్సుకి రెండుసార్లు.
గొట్టం తిరగదని వాడికి నేను చెప్పక్కర్లేకపోయింది.

ఫిబ్రవరిలో క్లయింటు వచ్చాడు పోలండు నుంచి,
హెల్మెట్ తనదే తెచ్చుకున్నాడు.
నీలాచలం రూట్ వేస్తుంటే
మూకుట్లో కవ్వళ్లు వేగినట్టు ఒకటే చిటపట,
ఎక్కడా తెగలేదు.
చివర కాపింగ్,
జీడిపప్పు బద్దలు వరసగా
ఒకదాని మీద ఒకటి వాల్చినట్టు.
ఆ తెల్లాయన బొటనవేలితో చుట్టూ తడిమి,
ఇంకోసారి తడిమి,
పదిహేడో నంబరుకి టిక్కు పెట్టాడు.

నాలుగు రోజులకి ఎక్స్‌రే ఫిల్ము వచ్చింది.
కిటికీకి ఆనించి చూశాం.
ఇనుములో ఒక్క చుక్క లేదు, ఒక్క బుడగ లేదు.

గొట్టానికి చూసినట్టే మనిషికీ చూస్తారు.
విశాఖలో మెడికల్.
ఛాతీ శుభ్రం. కళ్లు శుభ్రం.
క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి.
ఉద్దానం కాగితాల మీద ఆ అంకె నాకు కొత్త కాదు.
ఇరవై ఆరేళ్లవాడి కాగితం మీద
కాసేపు అది ఎవరి రిపోర్టో అని
పేరు మళ్లీ చదివాను.
పేరు సరిగ్గానే ఉంది ఈసారి,
అక్షరం పొల్లు పోకుండా.

సాయంత్రం ఏజెంటు ఫోను:
“మేస్త్రీ, మన లిస్టులో ఒకడు తగ్గాడు.
శుక్రవారంలోగా ఇంకొకణ్ణి చూడండి.”
చూస్తానన్నాను.
చూశాను కూడా. నందిగాం కుర్రాడు, పర్వాలేదు,
స్టాంపింగ్ అయింది, వెళ్లాడు.

పదిహేడో నంబరు ముక్క నా బల్ల మీదే ఉంది.
ఫ్యాను గాలికి ఫారాలు ఎగరకుండా పెట్టాను.
దాని మీద నంబరు కొట్టి ఉంది, పేరు లేదు.
మధ్యాహ్నం ఎండ పడితే
కాస్త వేడెక్కుతుంది.

సోమవారం మళ్లీ వచ్చాడు నీలాచలం,
మొదటి బస్సుకే.
నేర్పడానికి ఉంచమన్నాడు. ఉంచాను.
“మాత్తర్లేసుకున్నావేట్రా?” అన్నాను.
“అదలాగుండనీ మేస్త్రీ,
మూడో క్యాబిన్ కుర్రోడి రూటు సూడు ముందు,
కిందొరస తినేస్తంది.”